మూత్రం ఆగిపోయిన 69 ఏళ్ల పెద్దాయన: ప్రోస్టేట్ పెరుగుదలపై పూర్తి కేస్ స్టడీ

ఇది ఒక్క మనిషి కేస్ షీటు కాదు. ప్రోస్టేట్ (మూత్రాశయం కింద మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే గ్రంథి) పెరిగిన మగవాళ్లలో తరచూ ఎదురయ్యే పరిస్థితులను ఒకే రోగి వరుసలో కూర్చి రాసింది. ఇందులోని కొలతలు అలాంటి రోగుల్లో మామూలుగా కనిపించేవే.

వయసు 69. పన్నెండేళ్లుగా షుగర్, ఎనిమిదేళ్లుగా బీపీ. తెల్లవారుజామున నాలుగింటికి చివరిసారి కొంచెం మూత్రం వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి పదకొండు గంటలుగా చుక్క లేదు. బొడ్డు కింద పొట్ట గుండ్రంగా ఉబ్బి గట్టిగా తగులుతోంది. చెయ్యి వేస్తే విలవిల్లాడుతున్నారు. పడుకోలేరు, కూర్చోలేరు. బాత్రూముకీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు.

మూత్రాశయం నిండిపోయి బయటికి దారి లేని స్థితి ఇది. ఇంత నొప్పి ఉందంటే ఒక రకంగా మంచి గుర్తే. మూత్రాశయం తాను నిండిన సంగతి ఇంకా తెలుసుకోగలుగుతోందని అర్థం. నొప్పి లేకుండా పొట్ట ఉబ్బి, నిద్రలో పక్క తడుపుకొంటూ వచ్చేవాళ్ల గురించే ఎక్కువ భయపడాలి. వాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

పైపు వేయడం

ఇక్కడ తొందరపాటుకు తావు లేదు. మొద్దుబార్చే జైలోకెయిన్ జెల్లీ 10 నుంచి 15 మి.లీ. మూత్రనాళంలోకి నెమ్మదిగా ఎక్కించి, చివర వేళ్లతో నొక్కిపట్టి, గడియారం చూసి కనీసం మూడు నిమిషాలు ఆగాలి. జెల్లీ వేసిన వెంటనే పైపు తోస్తే అది జారుడుకు తప్ప మత్తుకు పనికిరాదు. రోగి బిగుసుకుంటాడు, వాల్వు కండరం మూసుకుంటుంది, పైపు అక్కడే ఆగుతుంది. బలంగా తోస్తే నాళం గోడ చిరిగి పక్కదారి పడుతుంది.

ఈయనకు 16 సైజు ఫోలీ క్యాథెటర్ (లోపలి కొన దగ్గర బెలూన్ ఉండే మూత్రం పైపు) ప్రోస్టేట్ దగ్గర ఆగింది. చిన్న సైజు మార్చి చూద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. పెరిగిన ప్రోస్టేట్ విషయంలో అది తరచూ పనిచెయ్యదు, సన్నటి పైపు మెత్తగా ఉండి లోపలే మడతపడుతుంది. కొన వంపు తిరిగిన క్యాథెటర్ తీసుకుని, ఆ వంపు పైకి, అంటే బొడ్డు వైపు ఉండేలా పట్టి పంపితే ప్రోస్టేట్ మధ్య లోబ్ (మధ్య భాగం) మీదుగా జారి లోపలికి వెళ్లింది. పైపు బయటి చివర రెండుగా చీలే చోటు దాకా పూర్తిగా లోపలికి వెళ్లి, మూత్రం ధారగా వచ్చాకే బెలూన్ నింపాలి. నాళంలోనే బెలూన్ ఉబ్బిస్తే నాళం చిరిగి రక్తస్రావం అవుతుంది. బెలూన్‌కు 10 మి.లీ. స్టెరైల్ నీళ్లు చాలు. సెలైన్‌తో నింపితే ఉప్పు గడ్డకట్టి, తీసేటప్పుడు బెలూన్ ఖాళీ కాకుండా మొరాయించవచ్చు. చివరగా అంగం కొన మీది చర్మాన్ని తప్పకుండా ముందుకు లాగి వదలాలి. వెనక్కి లాగి మరిచిపోతే కొన్ని గంటల్లో ఉబ్బి బిగుసుకుని వేరే అత్యవసరం అవుతుంది.

వచ్చిన మూత్రం 850 మి.లీ. కొంచెం కొంచెంగా వదలాలి, పైపు మధ్యమధ్య బిగించాలి అనే పాత అలవాటుకు ప్రయోజనం రుజువు కాలేదు. ఒకేసారి వదిలేశాం. ఆ తర్వాత గంటగంటకూ కొలిచాం. వరుసగా రెండు గంటలు, గంటకు 200 మి.లీ. దాటి వస్తుంటే అడ్డు తొలగాక కిడ్నీలు నీళ్లు వదిలేస్తున్నాయని లెక్క. అప్పుడు సోడియం, పొటాషియం, బీపీ కనిపెట్టుకుని ఉండాలి. ఈయనకు మొదటి రెండు గంటల్లో 120, 100 మాత్రమే వచ్చాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2. స్కానింగ్‌లో కిడ్నీలు ఉబ్బలేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు.

ఆరోజు పీఎస్ఏ (ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్ రక్తంలో ఎంతుందో చెప్పే) పరీక్ష పంపలేదు. మూత్రం ఆగినప్పుడు, పైపు వేసినప్పుడు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ అంకె ఊరికే పెరుగుతుంది. అది చూసి ఇంటిల్లిపాదీ క్యాన్సర్ అనుకుని వారాల తరబడి నలిగిపోతారు. ఇలాంటి సందర్భంలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చేయించడమే న్యాయం.

ఆరోజే ఎందుకు ఆగింది?

ప్రోస్టేట్ ఏళ్ల తరబడి పెరుగుతుంది. మూత్రం మాత్రం ఒక రోజున ఆగిపోతుంది. కాబట్టి ఆ రోజు, అంతకుముందు రెండు మూడు రోజులు ఏం జరిగిందో అడగాలి. మాత్రల సంచి మొత్తం బల్ల మీద పోయించి చూడటం అన్ని స్కానింగుల కన్నా ముందు చెయ్యాల్సిన పని. ఈయన సంచిలో షుగర్, బీపీ మాత్రలతోపాటు మందుల షాపులో అడిగి కొనుక్కున్న జలుబు మాత్రల షీటు దొరికింది. రెండు రోజుల్లో ఆరు వేసుకున్నారు. అందులో రెండు మందులున్నాయి. ఫినైలెఫ్రిన్ ముక్కులోని రక్తనాళాలను బిగించినట్టే మూత్రాశయం మెడనూ ప్రోస్టేట్‌లోని కండరాన్నీ బిగిస్తుంది. క్లోర్‌ఫెనిరమైన్ మూత్రాశయం నొక్కే బలాన్ని తగ్గిస్తుంది. ఒకటి తలుపు బిగించింది, రెండోది తోసే చేతిని బలహీనపరిచింది. పైగా మూడు రోజులుగా మలబద్ధకం.

మోషన్ కాకపోవడం, జలుబు మందులు, ఆపరేషన్‌కు ఇచ్చిన మత్తు, మనోవ్యాధులకూ నరాల నొప్పులకూ వాడే ఎమిట్రిప్టిలిన్ లాంటివి, బలమైన నొప్పి మందులు, మూత్రాన్ని ఎక్కువసేపు ఆపుకోవడం: అప్పటికే ఇరుకైన దారిని పూర్తిగా మూసేవి ఎక్కువగా ఇవే. కారణం దొరికితే ఆశ కూడా పెరుగుతుంది, ఎందుకంటే దాన్ని తీసేస్తే పైపు తీశాక మూత్రం తిరిగి వచ్చే అవకాశం మెరుగు.

మూడో రోజు

పైపు వేసినరోజే టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. మొదలైంది, విరేచనం సాఫీగా అయ్యే మందు ఇచ్చాం, జలుబు మాత్రలు ఆపించాం. టామ్సులోసిన్ తరగతి మందులు ప్రోస్టేట్‌ను తగ్గించవు. దానిలోనూ మూత్రాశయం మెడలోనూ ఉన్న కండరాన్ని వదులు చేస్తాయి, రెండు మూడు రోజుల్లోనే పని మొదలుపెడతాయి. ఇదే తరగతికి చెందిన అల్ఫుజోసిన్‌తో జరిగిన పరిశోధనలో మందు వాడి పైపు తీస్తే పదిమందిలో సుమారు ఆరుగురు, మందు లేకుండా తీస్తే సుమారు ఐదుగురు సొంతంగా మూత్రం పోయగలిగారు. తేడా పెద్దది కాదు, కానీ ఖర్చుకూ కష్టానికీ తగినదే.

పైపు పొద్దున్నే తియ్యాలి. సాయంత్రం తీస్తే మళ్లీ ఆగిపోయేది అర్ధరాత్రి. తీశాక లీటర్ల కొద్దీ నీళ్లు తాగించకూడదు. మూత్రాశయం ఒక్కసారిగా సాగిపోయి ముడుచుకునే శక్తి కోల్పోతుంది. మామూలుగా తాగనిచ్చి, ప్రతిసారీ కొలిచి రాయించి, రెండోసారి వెళ్లాక స్కానింగ్‌తో మిగులు, అంటే లోపల ఇంకా మిగిలిపోయిన మూత్రం ఎంతో, చూడాలి. ఈయన మొదట 140, తర్వాత 190 మి.లీ. పోశారు. మిగులు 110. ఇంటికి పంపడానికి సరిపోయింది.

చాలా కేసులు ఇక్కడే మందు చీటీతో ముగిసిపోతాయి. అసలు పని మొదలయ్యేదీ ఇక్కడే.

ఆరు వారాల తర్వాత

"రాత్రికి నాలుగుసార్లు లేస్తున్నానండీ, నిద్రే లేదు. ఎంత సైజు పెరిగిందంటారు?" అన్నారు. దాదాపు అందరూ అడిగే మొదటి ప్రశ్న సైజు గురించే. దానికి జవాబు చెప్పడం తేలిక, కానీ ఆ జవాబుతో వైద్యం నిర్ణయం కాదు. 30 మి.లీ. గ్రంథితో మూత్రం పూర్తిగా ఆగినవాళ్లున్నారు, 100 మి.లీ. దాటినా ధారలో లోటు లేనివాళ్లున్నారు. గ్రంథి ఎటు పెరిగింది, నాళాన్ని ఎంత బిగించింది, ఆ బిగుతును మూత్రాశయం ఎలా తట్టుకుంటోంది, దానివల్ల మనిషికి ఎంత ఇబ్బంది అన్నవే తేలాల్సినవి.

ఇబ్బందిని కొలవడానికి ఏడు ప్రశ్నల స్కోరు ఉంది. మిగిలిపోయినట్టు అనిపించడం, రెండు గంటల్లోపే మళ్లీ వెళ్లడం, ధార ఆగి ఆగి రావడం, ఆపుకోలేకపోవడం, ధార సన్నబడటం, ముక్కాల్సి రావడం, రాత్రి లేవడం. ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తం 35కి 7 వరకు తక్కువ, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి పైన తీవ్రం. విడిగా ఇంకొక ప్రశ్న ఉంటుంది: ఇకపై జీవితమంతా ఇలాగే ఉంటే మీకెలా ఉంటుంది? ఈయన స్కోరు 22, చివరి ప్రశ్నకు 6లో 5. ఆ చివరి అంకెను నేను మిగతా ఏడింటికన్నా ఎక్కువ పట్టించుకుంటాను. స్కోరు 18 ఉన్నా "నాకేం పెద్ద ఇబ్బంది లేదు" అనే మనిషికి, కిడ్నీలూ మిగులూ బాగుంటే, కనిపెట్టుకుని ఉండటమే వైద్యం.

మలద్వారం గుండా వేలితో చేసే పరీక్షను సిగ్గుకొద్దీ రోగులు, తీరిక లేక డాక్టర్లు వదిలేస్తుంటారు. పెరిగిన ప్రోస్టేట్ నున్నగా, ముక్కు కొనలా సాగే గట్టిదనంతో, మధ్యలో గాడితో తగులుతుంది. ఒకచోట రాయిలా గట్టిగా, ఎగుడుదిగుడుగా తగిలితే పీఎస్ఏ ఎంతున్నా క్యాన్సర్ కోసం చూడాల్సిందే. ఈ రెండు జబ్బులూ ఒకే గ్రంథిలో వేర్వేరు చోట్ల పుడతాయి. వయసుతో వచ్చే పెరుగుదల నాళాన్ని చుట్టుకుని ఉన్న లోపలి భాగంలో వస్తుంది, క్యాన్సర్‌లో ఎక్కువ భాగం వెనకవైపు బయటి పొరలో పుడుతుంది. పెరుగుదల క్యాన్సర్‌గా మారదు. కానీ ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు.

ఈయన గ్రంథి నున్నగా ఉంది. ఆరు వారాలకు చేసిన పీఎస్ఏ 3.4. స్కానింగ్‌లో కొలతలు సెంటీమీటర్లలో 4.9, 4.6, 5.2. మూడింటినీ హెచ్చవేసి 0.52తో గుణిస్తే 61 మి.లీ. పీఎస్ఏను ఆ పరిమాణంతో భాగిస్తే 0.06 లోపే. 0.15 దాటితే అనుమానం పెరుగుతుంది. మధ్య లోబ్ మూత్రాశయంలోకి 11 మి.మీ. పొడుచుకొచ్చింది. రిపోర్టులో అందరూ 61 దగ్గర ఆగిపోతారు, కానీ ఆ 11 ముఖ్యం. 10 మి.మీ. దాటి పొడుచుకొచ్చిన లోబ్ మూత్రాశయం ముడుచుకున్నప్పుడల్లా ద్వారం మీదికి వాలుతుంది. అలాంటివాళ్లలో మందులు ఆశించినంత పనిచెయ్యవు, పైపు తీసే ప్రయత్నాలూ ఎక్కువగా విఫలమవుతాయి.

ఈసారి చేసిన మొదటి స్కానింగ్‌లో మిగులు 210 మి.లీ. అని వచ్చింది. అది ఎలా తీశారో అడిగితే అసలు విషయం బయటపడింది. "బాగా నీళ్లు తాగి ఆపుకోండి" అని చెప్పి, రద్దీలో గంటకు పైగా కూర్చోబెట్టారు. అప్పటికి మూత్రాశయం 600 మి.లీ. దాటి సాగిపోయింది. ఆ స్థితిలో ఆరోగ్యవంతుడు కూడా పూర్తిగా ఖాళీ చెయ్యలేడు. ఇంకో రోజు, మామూలుగా వెళ్లాలనిపించినప్పుడే వెళ్లమని చెప్పి తిరిగి కొలిస్తే మిగులు 85. ఒక్క రిపోర్టు చూసి ఆపరేషన్ అనడం, ఒక్క రిపోర్టు చూసి పర్వాలేదనడం, రెండూ తప్పే. మిగులును ఎప్పుడూ రెండుసార్లు, సౌకర్యంగా నిండిన మూత్రాశయంతో చూడాలి. ధార వేగం పరీక్షకూ ఇదే నియమం. కనీసం 150 మి.లీ. పోస్తేనే ఆ గ్రాఫుకు విలువ. ఈయన 180 మి.లీ. పోస్తే గరిష్ఠ వేగం సెకనుకు 8 మి.లీ. వచ్చింది. 10 లోపు ఉంటే అడ్డు ఉండే అవకాశం ఎక్కువ. కానీ మూత్రాశయమే బలహీనపడినా ఇదే అంకె వస్తుంది. షుగర్ మూత్రాశయాన్నీ బలహీనపరచగలదు కాబట్టి పన్నెండేళ్ల షుగర్ ఉన్న మనిషిలో ఈ అనుమానాన్ని పక్కన పెట్టలేం.

మూడు రోజుల డైరీ

కొలత గ్లాసు, కాగితం, పెన్ను. మూడు పగళ్లు, మూడు రాత్రులు. ఎప్పుడు వెళ్లారు, ఎంత పోశారు, ఎంత తాగారు, ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు. ఇంత చవకైన పరీక్ష ఇంకొకటి లేదు, ఇంతగా నిర్లక్ష్యం చేసేదీ లేదు.

ఈయన డైరీలో సగటున రోజుకు 2,350 మి.లీ. ఉంది. పడుకున్నాక నాలుగుసార్లు లేచినప్పుడు 180, 170, 200, 190. నిద్ర లేవగానే పోసింది 200. ఈ ఉదయపు మూత్రం రాత్రి తయారైందే కాబట్టి దాన్నీ రాత్రి లెక్కలోనే కలపాలి. మొత్తం 940. అంటే రోజంతటిలో 40 శాతం రాత్రే తయారవుతోంది. 65 దాటినవాళ్లలో మూడో వంతు, అంటే 33 శాతం మించితే రాత్రి కిడ్నీలే ఎక్కువ మూత్రం చేస్తున్నాయని లెక్క. తప్పంతా ప్రోస్టేట్‌దే అయితే ప్రతిసారీ 60, 80 మి.లీ. చొప్పున కొంచెం కొంచెంగా వచ్చేది. 200 మి.లీ. నిండి లేస్తున్న మనిషికి ప్రోస్టేట్ మొత్తం కోసేసినా లేవడం తప్పదు. ఆపరేషన్ తర్వాత "అన్నీ బాగున్నాయి గానీ రాత్రి లేవడం మాత్రం తగ్గలేదు" అని బాధపడేవాళ్లలో చాలామందికి ముందు ఈ డైరీ రాయించి ఉండరు.

కారణాలు వెతికితే మూడు దొరికాయి. బీపీకి వాడుతున్న ఆమ్లోడిపిన్ 10 మి.గ్రా. వల్ల సాయంత్రానికి రెండు పాదాలూ నీరు పట్టి, సాక్సు అంచు దగ్గర గుంట పడుతున్నాయి. పడుకోగానే ఆ నీరంతా రక్తంలోకి తిరిగొచ్చి మూత్రమవుతోంది. రెండు నెలల క్రితం షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టారు. చక్కెరను మూత్రంలోకి వదిలించడమే దాని పని, చక్కెరతోపాటు నీళ్లూ వెళ్తాయి. మూడోది, మాత్రలు గొంతులో దిగడానికని పడుకునే ముందు రెండు గ్లాసుల నీళ్లు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం గురించి ఇంట్లోవాళ్లను అడిగాం, లేవు. అవి ఉంటే రాత్రి మూత్రం పెరుగుతుంది, అప్పుడు వైద్యం చెయ్యాల్సింది నిద్రకు.

ఫిజీషియన్‌తో మాట్లాడితే ఆమ్లోడిపిన్ బదులు టెల్మిసార్టన్ పెట్టారు. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు లేవు కాబట్టి డాపాగ్లిఫ్లోజిన్ మార్చి వేరే మందు ఇచ్చారు. ఆ రెండు జబ్బుల్లో ఏదున్నా దాన్ని సొంతంగా మానేయకూడదు, అది ప్రాణాలు కాపాడే మందు. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా కాళ్లు గుండె ఎత్తుకు లేపి పడుకోమన్నాం, ఆ నీరు పగలే బయటికి పోయేలా. పడుకునే రెండు గంటల ముందు నుంచి తాగడం తగ్గించమన్నాం. రోజు మొత్తం మీద నీళ్లు తగ్గించమని మాత్రం చెప్పలేదు. భయపడి నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మంట, ఇన్ఫెక్షన్, రాళ్లు, మలబద్ధకం వస్తాయి. మలబద్ధకం మళ్లీ మొదటికి తెస్తుంది.

మందులు, వాటితో వచ్చే చిక్కులు

టామ్సులోసిన్ కొనసాగుతూ డ్యూటాస్టెరైడ్ 0.5 మి.గ్రా. చేర్చాం. టెస్టోస్టిరాన్ ప్రోస్టేట్‌లో డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారితేనే గ్రంథి పెరుగుతుంది, ఆ మార్పును ఇది ఆపుతుంది. 30, 40 మి.లీ. దాటిన గ్రంథికే పనికొస్తుంది, చిన్న గ్రంథికి ఇవ్వడం వృథా. ఫలితానికి కనీసం ఆరు నెలలు పడుతుందని మొదటిరోజే చెప్పకపోతే రెండో నెలలోనే "పనిచెయ్యట్లేదు" అని మానేస్తారు. 2003లో ప్రచురితమైన ఎంటాప్స్ పరిశోధనలో డాక్సజోసిన్ (టామ్సులోసిన్ తరగతి), ఫినాస్టెరైడ్ (డ్యూటాస్టెరైడ్ తరగతి) కలిపి వాడినవాళ్లలో జబ్బు ముదిరే ముప్పు మందు లేనివాళ్లతో పోలిస్తే 66 శాతం తగ్గింది. ఒక్కోటీ విడిగా వాడితే వచ్చిన లాభం అంతకన్నా తక్కువ.

దీనితో ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. కొందరిలో కోరిక, అంగస్తంభన తగ్గుతాయి. మందు శరీరంలో నెలల తరబడి ఉంటుంది కాబట్టి ఆపిన ఆరు నెలల దాకా రక్తదానం చెయ్యకూడదు. గర్భిణులు పగిలిన క్యాప్సూల్‌ను ముట్టుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఇది పీఎస్ఏను దాదాపు సగానికి తెస్తుంది. ఏడాది తర్వాత రిపోర్టులో 1.8 అని చూసి సంతోషించకూడదు, రెండుతో గుణించి 3.6 అని చదవాలి. మందు వాడుతుండగా అది తగ్గిన అడుగు నుంచి మళ్లీ పైకి పోతుంటే, "నార్మల్" గీతలోపే ఉన్నా సరే, క్యాన్సర్ కోసం చూడాలి. ఈ మందు వాడుతున్న సంగతి తెలియని ల్యాబూ, వేరే డాక్టరూ దీన్ని పట్టుకోలేరు.

టామ్సులోసిన్‌తో ఈయనకు పొద్దున లేచి నిలబడగానే కళ్లు తిరిగాయి. బీపీ మాత్ర, ఇది ఒకేసారి వేసుకుంటున్నారు. దీన్ని రాత్రి భోజనమైన అరగంటకు మార్చి, రాత్రి లేచినప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని నిలబడమన్నాం. ఈ వయసులో బాత్రూముకు వెళ్తూ పడి తుంటి విరగడం ప్రోస్టేట్ కన్నా పెద్ద ప్రమాదం. వీర్యం తగ్గడం, అసలే రాకపోవడం కూడా ఉండొచ్చు. మందు ఆపితే మామూలవుతుంది.

శుక్లాల ఆపరేషన్ చేయించుకునే ఆలోచన ఉందేమో అడగాలి. టామ్సులోసిన్ వాడినవాళ్లలో ఆపరేషన్ మధ్యలో కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర మెత్తబడి అలలు అలలుగా ఊగి, పాప చిన్నదైపోవచ్చు. దీన్ని 2005లో గుర్తించి రాశారు. మందు కొన్ని రోజుల ముందు ఆపినా ఈ ముప్పు పూర్తిగా పోదు. కాబట్టి ఎప్పుడో వాడి మానేసినా కంటి డాక్టరుకు చెప్పి తీరాలి. ముందే తెలిస్తే ఆయన తగిన ఏర్పాటు చేసుకుంటారు.

ఇక ఆపుకోలేకపోవడం తగ్గిస్తామని ఇచ్చే సోలిఫెనాసిన్ లాంటి మందుల సంగతి. మిగులు 150 మి.లీ. దాటినవాళ్లకు వాటిని ఇవ్వకపోవడమే మంచిది. ముందుగా చెప్పిన, నొప్పి లేకుండా వచ్చే రోగులు ప్రమాదంలో పడేది ఇక్కడే. మూత్రాశయం లీటరుకు పైగా నిండి, పొంగి, నిద్రలో చుక్కలుగా కారుతుంటుంది. "మాటిమాటికీ వెళ్తున్నారు, పక్క తడుస్తోంది" అని వింటే మూత్రాశయం అతిగా స్పందిస్తోందనిపిస్తుంది. పొట్ట మీద చెయ్యి వేసి చూడకుండా ఈ మందు రాస్తే మిగిలిన కాస్త శక్తీ పోతుంది. ఒత్తిడి వెనక్కి తన్ని కిడ్నీలు ఉబ్బుతాయి, క్రియాటినిన్ పెరుగుతుంది. వయసు మళ్లిన మగవాడు కొత్తగా పక్క తడుపుతున్నాడంటే ఆరోజే స్కానింగ్, క్రియాటినిన్ చెయ్యాలి. కిడ్నీలు దెబ్బతిని ఉంటే పైపు తీసి చూసే ప్రయత్నమే పెట్టుకోకూడదు. పైపు ఉంచి, కిడ్నీలు కుదుటపడ్డాక ఆపరేషన్‌కు వెళ్లాలి.

మూడో నెలకు ఈయన స్కోరు 22 నుంచి 14కు దిగింది. రాత్రి లేవడం రెండుసార్లే. ఆ తగ్గుదలలో సగానికి పైగా డైరీ పుణ్యమే అని నా నమ్మకం.

పద్నాలుగో నెల

రాత్రులు బాగానే ఉన్నాయి, కానీ ధార మళ్లీ సన్నబడింది. మిగులు 85 నుంచి 160, ఆపై 240కి పెరిగింది, ప్రతిసారీ సౌకర్యంగా నిండిన మూత్రాశయంతోనే కొలిచిన అంకెలు. ఆరు నెలల్లో రెండుసార్లు జ్వరంతో కూడిన మూత్ర ఇన్ఫెక్షన్. గ్రంథి 61 నుంచి 48 మి.లీ.కు తగ్గింది, డ్యూటాస్టెరైడ్‌తో ఆశించే పావు వంతు తగ్గుదలకు దగ్గరే. అయినా మధ్య లోబ్ అక్కడే ఉంది. సైజు తగ్గి, అడ్డు తగ్గకపోవడం ఇలాగే ఉంటుంది.

మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు, మందులకు లొంగని మూత్రం ఆగడం, మూత్రాశయంలో రాళ్లు, అడ్డువల్ల కిడ్నీ దెబ్బతినడం, మూత్రంలో మందులతో ఆగని రక్తం: ఇవి ఆపరేషన్‌కు గట్టి కారణాలు. ఈయనకు మొదటిది ఉంది. కానీ షుగర్ అనుమానం తేలకుండా కత్తి పట్టకూడదు. మూత్రాశయానికే బలం లేకపోతే దారి ఎంత వెడల్పు చేసినా మూత్రం కదలదు.

సన్నని గొట్టాలతో మూత్రాశయం ఒత్తిడి, ధార వేగం ఒకేసారి కొలిచే యూరోడైనమిక్ పరీక్ష చేశాం. గరిష్ఠ వేగం 6 దగ్గర మూత్రాశయం ఒత్తిడి 72. ఒత్తిడిలోంచి వేగానికి రెండింతలు తీసేస్తే 60. ఇది 40 దాటితే అడ్డు ఖాయం. ఒత్తిడికి వేగం ఐదింతలు కలిపితే 102. ఇది 100 లోపైతే మూత్రాశయం బలహీనం. అంటే తలుపు బిగుసుకుంది, చేతిలో బలం మాత్రం అంచుల్లో మిగిలుంది. ఇంకో రెండేళ్లు మందులతోనే నెట్టుకొస్తే ఆ బలం ఉంటుందన్న భరోసా లేదు. ఈ రెండు అంకెలు కాగితం మీద వేసి చూపించాక ఆపరేషన్‌కు ఒప్పుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

ఆపరేషన్

30 నుంచి 80 మి.లీ. గ్రంథికి మూత్రనాళం గుండా గీకి తీసే టీయూఆర్‌పీ నమ్మకమైన దారి. 80 దాటితే హోల్మియం లేజర్‌తో గ్రంథి లోపలి భాగాన్ని ఒలిచి తీసే హోలెప్ మేలు. అది ఏ సైజుకైనా పనికొస్తుంది, రక్తం తక్కువ పోతుంది, కానీ బాగా చేతి అలవాటున్న సర్జన్ కావాలి. వీర్యం నిలవాలనుకునేవాళ్లకు చిన్న క్లిప్పులతో లోబ్‌లను పక్కకు లాగి కట్టడం, ఆవిరితో కణజాలాన్ని కుంగించడం లాంటివి ఉన్నాయి. అడ్డు తొలగడంలో అవి టీయూఆర్‌పీ అంత కాదు. మధ్య లోబ్ పొడుచుకొచ్చిన ఈయనకు క్లిప్పులు సరైన ఎంపిక కావు.

ముందే చెప్పాల్సింది చెప్పాం. టీయూఆర్‌పీ తర్వాత ఎక్కువమందిలో వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్తుంది. స్తంభనకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. మూత్రం ఆపుకోలేకపోవడం శాశ్వతంగా ఉండిపోవడం అరుదు. కొద్దిమందిలో నాళం ఇరుకైపోయి మళ్లీ చిన్న ఆపరేషన్ కావాలి. మూత్రం కల్చర్‌లో బ్యాక్టీరియా ఉంటే దానికి తగిన యాంటీబయాటిక్ ఇచ్చాకే బల్ల ఎక్కించాలి. ఇన్ఫెక్షన్ ఉన్న మూత్రంతో గీకితే సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి పోతాయి.

ఈయనకు వెన్నులో మత్తు ఇచ్చి, సెలైన్ ద్రవంలో కరెంటు తీగతో గీకే బైపోలార్ పద్ధతిలో టీయూఆర్‌పీ చేశారు. పాత మోనోపోలార్‌లో వాడే గ్లైసిన్ ద్రవం ఎక్కువగా రక్తంలోకి పీల్చుకుపోతే సోడియం పడిపోయి కలవరం, వాంతులు, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. అందుకే దాన్ని గంటలోపు ముగించాలంటారు. సెలైన్‌తో ఆ ముప్పు లేదు, ద్రవం ఎక్కువై ఊపిరితిత్తుల్లో నీరు చేరే ముప్పు మాత్రం ఉంది. మొదట మధ్య లోబ్, తర్వాత రెండు పక్కలవీ గీకి తీశారు. వీర్యనాళాలు తెరుచుకునే చిన్న బుడిపె దాటి కిందికి రాకూడదు, దాని అవతలే మూత్రాన్ని పట్టి ఉంచే కండరం ఉంది. తీసిన 22 గ్రాముల ముక్కలూ పరీక్షకు పంపాం.

మూడు దారుల 22 సైజు పైపు వేసి సెలైన్‌తో కడుగుతూ ఉంచాం. ఆ రాత్రి పదింటికి ఈయన పొట్ట బిగిసింది, మూత్రానికి వెళ్లాలన్న తహతహ. బ్యాగులోకి రావాల్సినదానికన్నా తక్కువ వస్తోంది. ఇలాంటప్పుడు నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి ఊరుకోకూడదు, సెలైన్ వేగం పెంచకూడదు. రెండూ హాని చేస్తాయి. లోపలికి పోయే ద్రవాన్ని వెంటనే ఆపి, 50 మి.లీ. సిరంజితో బలంగా కడిగి లాగితే నల్లటి గడ్డలు వచ్చాయి, పైపు తెరుచుకుంది. లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది అన్న లెక్క గంటగంటకూ రాస్తేనే ఇది పట్టుబడుతుంది.

రెండో రోజు పైపు తీశారు. 210 మి.లీ. పోశారు, మిగులు 40.

ఇంటికెళ్లాక

రెండు మూడు వారాలు మంట, ఆరు వారాల దాకా ఉన్నట్టుండి వచ్చే తొందర మామూలే. లోపల పుండు మానడానికి అంత సమయం పడుతుంది. నాలుగు వారాలు బరువులెత్తకూడదు, ముక్కకూడదు, విరేచనం మెత్తగా అయ్యేలా చూసుకోవాలి. పన్నెండో రోజు ఈయనకు మోషన్‌కు ముక్కాక మూత్రం ఎర్రగా వచ్చింది. పుండు పైపొర రాలే సమయమది. పడుకుని, నీళ్లు ఎక్కువ తాగితే సాయంత్రానికి పల్చబడింది. గడ్డలు పడి మూత్రం ఆగినా, జ్వరం వచ్చినా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి రావాలి.

ముక్కల పరీక్షలో క్యాన్సర్ లేదు, వయసుతో వచ్చే పెరుగుదలే. మూడో నెలకు స్కోరు 7, ధార వేగం 17, మిగులు 30, రాత్రి ఒక్కసారే లేస్తున్నారు. టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ రెండూ ఆపేశాం. బయటి పొర ఇంకా ఉంది, క్యాన్సర్ పుట్టేదీ ఎక్కువగా అక్కడే. కాబట్టి పీఎస్ఏ అవసరం తీరిపోలేదు. డ్యూటాస్టెరైడ్ ప్రభావం పూర్తిగా దిగాక, మందు ఆపిన ఆరు నెలలకు చేసే పీఎస్ఏను కొత్త మొదటి అంకెగా రాసుకుని, తర్వాతివి దానితో పోల్చి చూడాలి. అప్పటి నుంచి రెండుతో గుణించాల్సిన పని లేదని కేస్ షీటులో ఎర్ర సిరాతో రాసి ఉంచాం.